నొప్పి వేరు, బాధ వేరు: రెండు బాణాల పాఠం



ఉదయం వార్డుల్లో రౌండ్లకు వెళ్ళినప్పుడు మేము ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడుగుతాం. "సున్నా అంటే నొప్పి అసలు లేదు. పది అంటే ఓర్చుకోలేనంత. మీకు ఇప్పుడు ఎంత ఉంది?" వారు చెప్పిన అంకెను కేస్ షీటులో రాసుకుంటాం. బి.పి., టెంపరేచరు, నాడి ఎంత ముఖ్యమో ఈ అంకె కూడా అంత ముఖ్యమే.

ఒకసారి తుంటి ఎముక ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడను ఇలాగే అడిగాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "నొప్పయితే నాలుగే ఉంటుంది సిస్టరమ్మా. బాధ మాత్రం పది. ఇక నేను లేచి నడుస్తానో లేదో, మా కోడలికి బరువైపోతానేమో" అన్నారు.

మా షీటులో నొప్పికి ఒక గడి ఉంది. బాధకు గడి లేదు. నాలుగు అని రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాం. రెండు రోజుల తర్వాత నైట్ డ్యూటీ సిస్టర్లు రాసినవి తిరగేస్తే ఆవిడ రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని, ఫిజియోథెరపీకి లేవనంటున్నారని తెలిసింది. ఆవిడ మాకు మొదటి రోజే చెప్పారు. మేమే వినలేదు.

ఆవిడ చెప్పిన ఆ తేడాయే ఈ నెల పాఠం. నొప్పికీ బాధకూ ఉన్న ఈ తేడా గురించి బౌద్ధ గురువులూ, మెదడును పరిశోధించే శాస్త్రజ్ఞులూ 1987 నుంచి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో మంచం మీద ఉన్నవారికీ, వారిని చూసుకునే ఇంటివారికీ పనికొచ్చే విషయాలున్నాయి.

మన పత్రికలో బౌద్ధం ఎందుకు?

కొందరికి ఈ సందేహం రావచ్చు. ఇక్కడ మేము మతం మార్పు గురించి మాట్లాడడం లేదు. ఎవరి విశ్వాసం వారిదే. అయితే నొప్పి విషయంలో నేడు చాలా దేశాల ఆసుపత్రులు నేర్పుతున్న ఒక సాధన బౌద్ధుల పరిశీలన నుంచి వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుసుకోవడం మంచిది. అమరావతి స్తూపాన్నీ, నాగార్జునకొండ మ్యూజియాన్నీ చూసిన మనకు బౌద్ధం పరాయిదేమీ కాదు. ఆ కొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుని గ్రంథాలను టిబెట్ భిక్షువులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. మనం చెప్పుకోబోయే సంభాషణలో ఒక వైపు కూర్చున్నది ఆ చదువు చదివినవారే.

రెండు బాణాలు

బౌద్ధుల పాలీ గ్రంథాల్లో, సంయుత్త నికాయంలో, బాణాన్ని గురించిన ఒక చిన్న ఉపదేశం ఉంది. దాని సారం ఇది. ఒక మనిషికి బాణం గుచ్చుకుంది. అది నొప్పి. వెంటనే అతడు కుమిలిపోతాడు, ఏడుస్తాడు, గుండె బాదుకుంటాడు. అది రెండో బాణం గుచ్చుకున్నట్టు. శిక్షణ పొందినవానికి కూడా మొదటి బాణం గుచ్చుకుంటుంది. అతనికీ నొప్పి ఉంటుంది. కానీ రెండో బాణం గుచ్చుకోదు.

సాధన చేసినవారికి నొప్పే ఉండదని ఈ ఉపదేశం చెప్పడం లేదు. దేహం ఉన్నంతకాలం మొదటి బాణం తప్పదు అనే చెబుతోంది.

ఇంకొక మాట కూడా తెలుసుకుందాం. మనం 'వేదన' అంటే గొప్ప దుఃఖం అనుకుంటాం. బౌద్ధ గ్రంథాల్లో ఆ మాటకు అర్థం వేరు. ఏదైనా తగిలినప్పుడు, చూసినప్పుడు, విన్నప్పుడు 'ఇది హాయిగా ఉంది', 'ఇది హాయిగా లేదు', 'ఇది రెండూ కాదు' అని వెంటనే కలిగే అనుభూతిని వారు వేదన అన్నారు. దాని మీద మనసు అల్లుకునే కోపం, భయం, ఆశ మొదలైనవాటిని వేరే పేర్లతో పిలిచారు. అనుభూతి ఒకటి, దాని మీద మనసు చేసే పని మరొకటి అని విడదీసి చూడడమే వారి పద్ధతి.

వైద్యశాస్త్రం ఏమంటోంది?

దెబ్బ ఎంత పెద్దదైతే నొప్పి అంత ఎక్కువ అని ఒకప్పుడు అనుకునేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తు వైద్యుడు గాయపడిన సైనికులను పరిశీలించాడు. తీవ్రమైన గాయాలున్నవారిలో కూడా చాలామంది నొప్పి మందు అక్కరలేదన్నారు. ఆ గాయంతో వారికి యుద్ధభూమి నుంచి విడుదల దొరికింది. గాయానికి మనసు ఇచ్చే అర్థాన్ని బట్టి నొప్పి మారుతుందని బీచర్ 1946లో రాశాడు.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ఒక 'గేటు' లాంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో ఈ గేటు కొంత తెరుచుకుంటుంది, కొంత మూసుకుంటుంది. మెదడు కూడా పైనుంచి దాన్ని అదుపు చేస్తుంది. వారు చెప్పిన వివరాల్లో కొన్ని తర్వాత మారాయి గానీ, మెదడు నొప్పిని పెంచగలదు, తగ్గించగలదు అన్న మూల విషయం నిలిచింది. నొప్పి అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం నొప్పి శరీరానికి తెలిసే అనుభవం, మనసుకు తగిలే అనుభవం కూడా. 2020లో ఆ నిర్వచనాన్ని సవరించినప్పుడూ ఈ రెండూ అలాగే ఉంచారు.

1987లో మాంట్రియల్‌లో కాదు, పారిస్‌లో కాదు, ధర్మశాలలో

మనసు ఎలా తెలుసుకుంటుంది, ఎలా గుర్తుంచుకుంటుంది, ఎలా దృష్టి పెడుతుంది అని పరిశోధించే శాస్త్రాన్ని కాగ్నిటివ్ సైన్స్ అంటారు. ఆ రంగంలో పనిచేసిన ఫ్రాన్సిస్కో వరేలా చిలీ దేశస్థుడు. ఆయనకూ, ఆడమ్ ఎంగిల్ అనే అమెరికన్ న్యాయవాదికీ ఒకే ఆలోచన వచ్చింది. మనసును బయటి నుంచి పరికరాలతో చూసేవారిని, లోపలి నుంచి ఏళ్ళ తరబడి గమనించినవారిని ఒకచోట కూర్చోబెట్టాలని. 1987 అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో, దలైలామా నివాసంలో ఆ మొదటి సమావేశం జరిగింది. కొద్దిమంది శాస్త్రజ్ఞులు, దలైలామా, ఇద్దరు దుబాసీలు. ఒక్కొక్క శాస్త్రజ్ఞుడు తన విషయం వివరించడం, దలైలామా ప్రశ్నలు అడగడం, తర్వాత చర్చ. ఇలా రోజుల తరబడి సాగింది. ఆ సమావేశాల నుంచే మైండ్ అండ్ లైఫ్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది.

వారి మధ్య ఉన్న చిక్కు మా వార్డు చిక్కు లాంటిదే. మెషీన్ మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపిస్తుంది. ఆ మనిషికి ఎలా ఉందో చూపించదు. అది అతడే చెప్పాలి. అయితే మనలో చాలామందికి మన లోపల జరిగేదాన్ని జాగ్రత్తగా గమనించి చెప్పే అలవాటు లేదు. ఆ అలవాటున్నవారు చెప్పేదాన్ని, మెషీన్ చూపేదాన్ని పక్కపక్కన పెట్టి చూడాలని వరేలా వాదించాడు.

ఆయన కథ మా మనసుకు తగిలింది, ఎందుకంటే ఆయన కూడా ఒక రోగి. ఆయనకు హెపటైటిస్-సి వ్యాధి ఉండేది. 1998లో కాలేయ మార్పిడి జరిగింది. ఇంకొకరి అవయవం తన దేహంలో ఉండడం ఎలా ఉంటుందో ఆయన తన అనుభవాన్నే పరిశీలించి వ్యాసం రాశాడు. 2001 మే నెలలో అమెరికాలోని మాడిసన్ నగరంలో సమావేశం జరిగినప్పుడు ప్రయాణం చేసే శక్తి లేక పారిస్‌లోని తన ఇంటి నుంచే కంప్యూటరులో చూశాడు. ఆ నెల 28వ తేదీన, 54 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

పరీక్షల్లో ఏమి తేలింది?

1. మెదడు తరంగాలు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం ఎనిమిది మంది బౌద్ధ సాధకులకు ఈ.ఈ.జి. తీసింది. వారు 10,000 నుంచి 50,000 గంటలు ధ్యానం చేసినవారు. వారితో పోల్చడానికి కొత్తగా నేర్చుకున్న పదిమంది విద్యార్థులను తీసుకుంది. సాధకులు కరుణను గురించి ధ్యానించినప్పుడు గామా అనే వేగమైన తరంగాలు వారిలో చాలా ఎక్కువగా కనిపించాయి. ఈ ఫలితాలు 2004లో వచ్చాయి. అయితే ఎనిమిది మంది చిన్న సంఖ్య. ఆ తేడా సాధన వల్ల వచ్చిందో, ముందే ఉందో ఆ ఒక్క పరీక్షతో తేలదు.

2. రెండు బాణాలు నిజమేనా? ఇదే విశ్వవిద్యాలయంలో తర్వాత సాధకుల చర్మానికి నొప్పి పుట్టేంత వేడి తగిలించి చూశారు. కమిలిపోకుండా జాగ్రత్త తీసుకున్నారు. ఆ ఫలితాలు 2010, 2013 సంవత్సరాల్లో వచ్చాయి. నొప్పి ఎంత గట్టిగా ఉందని అడిగితే దీర్ఘకాల సాధకులు, కొత్తవారు ఇంచుమించు ఒకే రకంగా చెప్పారు. అది ఎంత ఇబ్బందిగా ఉందని అడిగితే సాధకులు తక్కువ చెప్పారు. మొదటి బాణం ఇద్దరికీ ఒకటే. రెండోదానిలోనే తేడా.

3. ఆసుపత్రిలో. జాన్ కబత్-జిన్ అనే ఆయన 1979లోనే అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో, డాక్టర్లు ఇక చేయగలిగింది లేదన్న దీర్ఘకాల నొప్పి రోగులకు ధ్యాన శిక్షణ మొదలుపెట్టాడు. అందులో పూజ గానీ, మంత్రం గానీ లేవు. శ్వాసను, శరీరాన్ని ఉన్నది ఉన్నట్టుగా గమనించడమే. ఇప్పుడది ఎనిమిది వారాల శిక్షణగా చాలా దేశాల్లో ఉంది.

2016లో నడుము నొప్పి ఉన్న 342 మంది మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు వచ్చాయి. వారిని మూడు గుంపులు చేశారు. 26 వారాల తర్వాత రోజువారీ పనులు చెప్పుకోదగినంత మెరుగుపడినవారు ఈ ధ్యాన శిక్షణ గుంపులో 60.5 శాతం. ఆలోచనలను సరిదిద్దుకునే కౌన్సెలింగ్ పొందిన గుంపులో 57.7 శాతం. మామూలు వైద్యమే కొనసాగించిన గుంపులో 44.1 శాతం.

ఈ అంకెలను నెమ్మదిగా చదవండి. ధ్యానం మేలు చేసింది. కౌన్సెలింగ్ కూడా దాదాపు అంతే మేలు చేసింది. ధ్యానం నేర్చుకున్నవారిలోనూ నూటికి దాదాపు 40 మందికి అంత గుణం కనిపించలేదు. సహాయపడే దారి ఇదొకటి ఉంది అని చెప్పవచ్చు. ఇదే దారి అని చెప్పరాదు.

వారు ఒప్పుకోని సంగతులు

కలిసి మాట్లాడుకున్నారంటే అన్నీ ఒప్పుకున్నారని కాదు. మనసు అంటే మెదడు పనే అని ఎక్కువ మంది మెదడు శాస్త్రజ్ఞులు అంటారు. దేహం పోయాక కూడా సూక్ష్మమైన చైతన్యం కొనసాగుతుందని, మళ్ళీ జన్మ ఉంటుందని టిబెట్ బౌద్ధులు నమ్ముతారు. ఈ విషయం అక్కడ తేలలేదు. మనకు మన విశ్వాసం ఉంది. ఈ పాఠానికి ఆ తీర్పు అవసరం లేదు.

2005లో వాషింగ్టన్‌లో జరిగిన నాడీ శాస్త్రజ్ఞుల మహాసభకు దలైలామాను ప్రసంగించమని పిలిచినప్పుడు వందల మంది పరిశోధకులు వద్దని సంతకాలు చేశారు. ఒక మత పెద్దను శాస్త్ర సభకు పిలవడం తగదన్నది వారి అభ్యంతరం. ప్రసంగం మాత్రం జరిగింది. శాస్త్రం బౌద్ధంలోని ఒక విషయం తప్పని రుజువు చేస్తే బౌద్ధమే మారాలని దలైలామా ఆ ఏడాదే తన పుస్తకంలో రాశారు.

ధ్యానం అందరికీ హాయి ఇవ్వదని కూడా తేలింది. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన విలబీ బ్రిటన్, ఆమెతో పనిచేసినవారు సాధకులను పిలిచి ఇబ్బందుల గురించి అడిగి 2017లో ప్రచురించారు. కొందరికి తీవ్రమైన భయం, నిద్ర పట్టకపోవడం, పాత గాయాలు మళ్ళీ గుర్తుకు రావడం జరిగాయి. కాబట్టి మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా ఎక్కువసేపు ధ్యానం చేయకూడదు.

మొదటి బాణాన్ని మరచిపోకండి

మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. "అంతా నీ మనసులోనే ఉంది", "ఓర్చుకోవాలి" అనే మాటలు రోగి దగ్గర అనడానికి ఈ పాఠాన్ని వాడుకోకండి.

మేము ట్రైనింగులో ఉన్న రోజుల్లో, వేరే చోట, ముంజేయి విరిగి కట్టు వేయించుకున్న ఒక కుర్రవాడు రాత్రంతా నొప్పి అని ఏడ్చాడు. "మగపిల్లాడివి, ఓర్చుకో" అని అందరూ అన్నారు. మేమూ అన్నాం. తెల్లవారి చూస్తే వేళ్ళు వాచి, చల్లబడి, తిమ్మిరెక్కి ఉన్నాయి. పరుగున డాక్టరును పిలిస్తే కట్టు కోసి వదులు చేశారు. ఇంకొంత ఆలస్యమైతే చెయ్యి పనికిరాకుండా పోయేదే. ఆ రాత్రి ఆ అబ్బాయి నొప్పి అబద్ధం చెప్పలేదు. లోపల రక్తం ఆడడం లేదని కబురు పంపింది.

కింద చెప్పిన నొప్పులకు ధ్యానం పనికిరాదు. వెంటనే ఆసుపత్రికి రండి:

- గుండెలో బరువు, నొక్కినట్టు నొప్పి, చెమటలు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకడం.
- ఉన్నట్టుండి వచ్చిన, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి.
- కడుపు గట్టిపడి, ముట్టుకోనివ్వని నొప్పి.
- కట్టు వేసిన చోట పెరుగుతూ పోయే నొప్పి, వేళ్ళు చల్లబడడం, రంగు మారడం, తిమ్మిరి.

క్యాన్సరు నొప్పికి, ఆపరేషన్ తర్వాత నొప్పికి డాక్టరు రాసిన మందు వేళకు వేసుకోవాలి. మందు మొదటి బాణానికి. గమనించే అలవాటు రెండో బాణానికి. ఒకటి ఉందని ఇంకొకటి మానకూడదు.

ఇంట్లో చేసి చూడండి

డాక్టరు పరీక్షించి, కారణం తెలిసి, మందు వాడుతున్న పాత నొప్పికి ఇది ప్రయత్నించవచ్చు. రోజుకు అయిదు నిమిషాలు చాలు.

1. కూర్చోండి, లేదా పడుకోండి. కళ్ళు మూసుకోవడం ఇష్టం లేకపోతే తెరిచే ఉంచండి.
2. శ్వాస లోపలికి వెళ్ళడం, బయటికి రావడం గమనించండి. బలవంతంగా పెంచవద్దు, ఆపవద్దు.
3. నొప్పి ఎక్కడ ఉందో చూడండి. పోటా, మంటా, లాగుడా, బరువా? దాని పేరు మనసులో అనుకోండి.
4. "ఇది తగ్గదేమో", "నా బతుకింతే" వంటి ఆలోచన వస్తే దానికీ పేరు పెట్టండి. "ఇది నొప్పి. ఇది భయం." రెండూ వేరువేరుగా కనిపిస్తాయి.
5. మళ్ళీ శ్వాస దగ్గరికి రండి. మనసు పదిసార్లు వెళ్ళిపోతే పదిసార్లు తీసుకురండి. అది తప్పు కాదు. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో 2,250 మందిని రోజులో ఉన్నట్టుండి అడిగి చూస్తే, దాదాపు 47 శాతం సమయం వారి మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు స్వభావమే అంత.

భయం పెరిగితే ఆపేసి లేచి, ఎవరితోనైనా మాట్లాడండి.

ఇంటివారికి కూడా ఒక మాట. రెండో బాణాన్ని రోగి ఒక్కడే గుచ్చుకోడు. "నీ వల్లే ఇంత ఖర్చు", "ఎప్పుడూ మూలుగుడేనా" అని మనం కూడా గుచ్చుతాం. దాన్ని తీయడం కూడా మన చేతిలోనే ఉంది.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాం. మా తప్పు తెలిసిన సాయంత్రం ఒక సిస్టరు ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, బాధ ఏమిటో మొత్తం విన్నది. మర్నాడు కోడలిని పిలిపించి ఇద్దరినీ మాట్లాడుకోనిచ్చాం. "అత్తయ్యా, మీరు నడిస్తే నాకు అంతకన్నా ఏం కావాలి? నడవకపోతే నేను లేనా?" అని కోడలు అన్నది. నొప్పి ఆ రోజు కూడా నాలుగే. కానీ ఆవిడ వాకరు పట్టుకుని లేచారు. అప్పటి నుంచి మా సిస్టర్లు నొప్పి అంకె రాసుకున్నాక ఇంకొక ప్రశ్న అడుగుతున్నారు: "మరి బాధ ఎంత?"

చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. నొప్పికి, బాధకు తేడా మీ అనుభవంలో ఎప్పుడైనా తెలిసిందా?
2. ఏ నొప్పులకు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి?
3. మీ ఇంట్లో రోగి ఉంటే, మీరు తీసివేయగల రెండో బాణం ఏది?

మీ సేవలో,
నర్సింగ్ విభాగం